విడిచినదా, ఊడబెరికినదా?

బట్టలు విడవడానికి గ్రీకులో ఉన్న ఒక క్రియ కొత్త నిబంధనలో ఒకే ఒక పత్రికలో కనిపిస్తుంది, అదీ మూడు చోట్ల. కొలొస్సయులకు వ్రాసిన పత్రిక 2వ అధ్యాయం 11వ వచనంలో అది నామవాచకంగా ఉంది. అదే అధ్యాయం 15వ వచనంలోనూ, 3వ అధ్యాయం 9వ వచనంలోనూ క్రియగా ఉంది. మన ఇళ్లలో ఉండే తెలుగు బైబిలు మొదటి చోట ‘విసర్జించి’ అంటుంది, మూడో చోట ‘పరిత్యజించి’ అంటుంది. మధ్యలో, సిలువ దగ్గర ఏం జరిగిందో చెప్పే చోట మాత్రం ప్రధానులనూ అధికారులనూ ‘నిరాయుధులను’ చేయడం గురించి మాట్లాడుతుంది. విసర్జించడానికీ పరిత్యజించడానికీ పొత్తు కుదురుతుంది; ఆయుధాలు లాక్కోవడానికి వాటితో చుట్టరికమే కనపడదు. తెలుగులో చదివేవారికి ఈ మూడూ ఒకే మాట అని తెలిసే దారి లేదు. దీన్ని అనువాదకుల అజాగ్రత్త అనలేం. పదహారు వందల ఏళ్లకు పైగా నలుగుతున్న ఒక వ్యాఖ్యాన వివాదంలో వాళ్లు ఒక పక్షాన నిలబడ్డారు, అంతే. ఆ పక్షం బలమైనదే కానీ సరైనది కాదని నా అభిప్రాయం. క్రీస్తు అక్కడ ఎవరినీ ఊడబెరకలేదు, తన ఒంటిని పట్టుకున్నదాన్ని తానే తీసి పారేశాడు అని ఆ వచనాన్ని చదవాలి. చిన్న తేడాలా కనిపించినా, గెలుపు అంటే ఏమిటన్న ప్రశ్న అంతా దీని మీదే ఆధారపడి ఉంది.

ముందు మాట పుట్టుక చూద్దాం. దీని మూలధాతువు ‘దుఓ’. దానికి అసలు అర్థం మునగడం, లోపలికి దిగడం. సూర్యుడు సముద్రంలోకి దిగిపోవడాన్ని గ్రీకులు ఈ మాటతోనే చెప్పారు; వాళ్ల ‘దుసిస్’ అంటే అస్తమయం, అదే పడమర కూడా. గుళ్లో ఎవరూ అడుగుపెట్టకూడని లోపలి గదిని ‘అదుతొన్’ అన్నారు, అంటే లోపలికి దిగరానిది. మన గర్భగుడి స్థానం దానిది. బట్టల విషయానికొస్తే గ్రీకువాడి ఊహలో మనిషి బట్టలోకి దిగుతాడు, బట్టలోంచి బయటికి వస్తాడు. ‘ఎన్‌దుఓ’ ధరించడం, ‘ఎక్‌దుఓ’ విడవడం. మన భాషలో ఊహ వేరు. కుట్టని బట్టను నడుముకు చుట్టి ముడివేసిన జాతి కనక మనం బట్ట ‘కడతాం’, ‘విప్పుతాం’. ఎక్‌దుఓ గ్రీకులో హోమరు కాలం నుంచీ ఉన్న మామూలు మాట. కొలొస్సయుల పత్రికాకర్త దానికి ముందు ఇంకో ఉపసర్గ తగిలించాడు: ‘అపో’, దూరంగా అని. అపెక్‌దుఓమై. విడిచి, ఇంకా దూరంగా పారేయడం. ఈ రెండు ఉపసర్గల రూపం అంతకు ముందటి గ్రీకు గ్రంథాల్లో స్పష్టంగా ఎక్కడా దొరకదు. పత్రిక రాసినది పౌలా, ఆయన శిష్యుడా అన్నది పండితుల్లో తేలని విషయం. ఎవరైనా సరే, ఉన్న మాట చాలక కొత్తది కట్టుకున్నాడనో, అరుదైనదాన్ని ఏరుకున్నాడనో అనుకోవాలి. అంత శ్రమపడి తెచ్చుకున్న మాటను ఇరవై పాతిక వచనాల లోపు మూడుసార్లు వాడాడంటే దాని మీద ఏదో బరువు పెట్టాడనే లెక్క. పత్రిక వెళ్లిన ఊరు కూడా గమనించదగ్గది. ఇప్పటి తుర్కియేలో లైకస్ లోయలో, లవొదికయ పక్కన ఉండేది కొలొస్సయి. లవొదికయ గొర్రెల కాకినలుపు ఉన్నిని పొగుడుతూ భూగోళకర్త స్త్రాబో, కొలొస్సయివారు కూడా తమ ఊరి పేరుతోనే చెలామణి అయ్యే రంగు ఉన్ని మీద బాగా సంపాదిస్తారని రాశాడు. ఉన్ని బేరగాళ్లకూ రంగులద్దేవాళ్లకూ చదివి వినిపించిన ఉత్తరంలో బట్టల మాట ఊరికే గాలికి పోయి ఉండదు.

ఇక వ్యాకరణం. గ్రీకు క్రియకు కర్తరి, కర్మణి కాక మధ్యలో ఇంకో రూపం ఉంది. చేసిన పని చేసినవాడి మీదికే తిరిగి వచ్చేది. దీన్ని ఇంగ్లీషువాళ్లకు వివరించాలంటే పాఠ్యపుస్తకంలో రెండు పేజీలు పడుతుంది. తెలుగువాళ్లకు ఒక్క ‘కొను’ చాలు. ‘బట్టలు విప్పాడు’ అంటే ఎవరివైనా కావచ్చు, ‘విప్పుకున్నాడు’ అంటే తనవే. సువార్తల్లో సైనికులు యేసు బట్టలు ఊడదీసిన చోట ఎక్‌దుఓ కర్తరి రూపంలో ఉంది: వాళ్లు ఆయనవి విప్పారు. మంచి సమరయుని కథలో దొంగలు బాటసారిని దోచి బట్టలు లాగేసిన చోటా అంతే. కొలొస్సయుల 2:15లో ఉన్నది ‘అపెక్‌దుసమెనోస్’, అంటే కొను-రూపం. 3:9లో, మీరు పాత మనిషిని అతని పనులతో సహా విడిచారు అని విశ్వాసులతో చెప్పే చోట, అదే మాట బహువచనంలో ‘అపెక్‌దుసమెనొయ్’ అని ఉంది. అక్కడ ఎవరికీ సందేహం లేదు: విడిచేవాళ్లు తమ ఒంటి మీదిదే విడుస్తున్నారు. పదిహేడు వచనాల ముందు అదే మాట, అదే రూపం, ఉన్నట్టుండి ఎదుటివాడి ఆయుధాలు లాక్కోవడంగా ఎలా మారింది?

ప్రతిపక్షం దీనికి ఇచ్చే జవాబు తీసిపారేయదగ్గది కాదు. క్రీస్తు శకం తొలి శతాబ్దపు వాడుక గ్రీకులో మధ్యరూపాన్ని కర్తరి అర్థంలో వాడడం ఉంది; తన లాభం కోసం చేసిన పనికి కూడా ఆ రూపం వస్తుంది. మన ‘కొను’ సైతం అలాంటిదే కదా. ‘దోచుకున్నాడు’ అంటే తనను తాను దోచినట్టు కాదు, ఎదుటివాణ్ని తన కోసం దోచినట్టు. కాబట్టి ‘వాళ్లను ఒలుచుకున్నాడు’ అని ఎందుకు అనకూడదు? అనవచ్చు. కానీ ఏ క్రియకు కొను ఏ అర్థమిస్తుందో తేల్చేది వాడుక. దోచడం దగ్గర అది లాభాన్ని చెబుతుంది. కట్టడం, తొడగడం, విప్పడం దగ్గర సొంత ఒంటిని చెబుతుంది. గ్రీకులోనూ బట్టల క్రియలకు మధ్యరూపం తగిలితే సహజంగా వచ్చే అర్థం సొంత ఒంటిదే, ఆ పత్రికలోనే ఉన్న రెండో ప్రయోగం దానికి సాక్ష్యం. పైగా ‘నిరాయుధులను చేయడం’ అనే అర్థానికి ఈ మాటకు బయట ఆధారం లేదు. ఆయుధం అనే మాట వచనంలో లేదు. ఆ అర్థం ఈ వచనం కోసమే నిఘంటువుల్లో చేరి, తర్వాత ఆ నిఘంటువులనే చూపించి ఈ వచనానికి ఆ అర్థం కట్టడం జరుగుతోంది.

ప్రాచీనులు ఈ మాటను ఎలా విన్నారో చూస్తే మూడు దారులు కనిపిస్తాయి. లాటిన్ వుల్గాతా ‘ఎక్స్‌పోలియాన్స్’ అంది, కొల్లగొట్టి అని. 1611 నాటి ఇంగ్లీషు బైబిలు ఆ బాటలోనే నడిచింది. తెలుగులోని నిరాయుధత్వం ఈ కుటుంబానికి చెందినదే. రెండో దారి సిరియా క్రైస్తవులది, చాలామంది లాటిన్ పితరులది: క్రీస్తు తన శరీరాన్ని విడిచి, ఆ విడవడంతోనే అధికారులను బట్టబయలు చేశాడని. సిరియాక్ పెషిత్తా ఇదే చెబుతుంది. గ్రీకు–లాటిన్ రెండూ పక్కపక్కన రాసిన 9వ శతాబ్దపు ప్రతుల్లో ‘ప్రధానులను’ అన్న చోట ‘మాంసాన్ని’ అనే మాటే చేరిపోయింది. మూడో దారి గ్రీకు మాతృభాషగా ఉన్న వ్యాఖ్యాతలది. 4వ శతాబ్దపు చివర జాన్ క్రిసోస్టమ్ కొలొస్సయుల మీద చేసిన ప్రసంగాల్లో, మానవ స్వభావం ఆ శక్తులను తొడుక్కుని ఉంది కనక, లేదా వాటికి దాని మీద ఒక పట్టు ఉంది కనక, క్రీస్తు మనిషై ఆ పట్టును విడిపించుకున్నాడని వివరించాడు. ఇక్కడ కర్మ మార్చలేదు, క్రియను సాగదీయలేదు. ఉన్నది ఉన్నట్టు చదివాడు. 1875లో ఇంగ్లండులో జె. బి. లైట్‌ఫుట్ తన వ్యాఖ్యానంలో ఈ దారినే తిరిగి తెరిచాడు. హెర్క్యులస్ ఒంటికి అంటుకుని కాల్చిన నెస్సస్ అంగీలా దుష్టశక్తులు క్రీస్తు మానుషత్వాన్ని చుట్టుకున్నాయని, ఆయన వాటిని చీల్చి పారేశాడని రాశాడు. 1881 సవరణ ఇంగ్లీషు అనువాదం ఈ అర్థాన్నే తీసుకుంది. తర్వాతి ఇరవయ్యో శతాబ్దపు అనువాదాల్లో చాలావరకు మళ్లీ ఆయుధాల దగ్గరికి వెళ్లిపోయాయి.

గ్రీకు చెవి ఈ మాటను ఎలా వినేదో అన్నిటికన్నా దగ్గరగా చూపించేది ఒక బాప్తిస్మ ఉపన్యాసం. యెరూషలేము సిరిల్ పేర 4వ శతాబ్దం నుంచి కొన్ని ఉపన్యాసాలు వచ్చాయి, అప్పుడే బాప్తిస్మం తీసుకున్నవాళ్లకు వాళ్లు చేసిన తంతు అర్థం చెప్పేవి. ఆ రోజుల్లో బాప్తిస్మానికి వచ్చినవాళ్లు లోపలి గదిలో అడుగుపెట్టగానే అంగీ విడిచి, వట్టి ఒంటితో నీళ్లలోకి దిగేవాళ్లు. ఉపన్యాసకుడు వాళ్లతో చెప్పినదాని సారం ఇది: మీరు అంగీ విడవడం పాత మనిషిని విడవడానికి గుర్తు, అలా ఒంటి మీద ఏమీ లేకుండా నిలబడి మీరు సిలువ మీద నగ్నంగా ఉన్న క్రీస్తును అనుకరించారు, ఆయన తన నగ్నత్వంతోనే ప్రధానులనూ అధికారులనూ తన మీంచి తీసేసి విజయం సాధించాడు. ఒక్క మాటలో 3:9నూ, 2:15నూ కలిపి కుట్టేశాడు. విన్నవాళ్లకు అనువాదం అవసరం లేదు, ఆ విడవడం వాళ్ల ఒంటికి ఇంకా గుర్తుంది. సైనికులు ఆయన బట్టలు లాగి చీట్లు వేసుకున్నారు; సిగ్గుపరచడమే సిలువశిక్షలో సగం శిక్ష. అదే క్షణంలో అసలు విడవడం ఆయనే చేస్తున్నాడని ఈ పాఠం అంటుంది. చేసేవాళ్లెవరు, చేయించుకునేవాళ్లెవరు అన్నది తలకిందులవుతుంది. ‘నిరాయుధులను చేశాడు’ అనగానే ఈ తలకిందులు పోయి, ఒక బలవంతుడు ఇంకో బలవంతుణ్ని కొట్టిన మామూలు కథ మిగులుతుంది.

అయితే వచనం చివర జయోత్సవం ఉంది కదా, అని అడుగుతారు. రోమన్ సేనాని ఓడినవాళ్లను ఊరేగించే తంతు పేరే అక్కడ ఉంది. ఊరేగింపులో శత్రువులుంటే ముందు వాళ్ల ఆయుధాలూ అలంకారాలూ ఒలిచి ఉండాలి. తన ఒంటి మీంచి తీసి పారేసిన బట్టను ఎవరైనా ఊరేగిస్తారా? ఈ ఆక్షేపణ వినడానికి తిరుగులేనిదిలా ఉంటుంది, చరిత్ర దగ్గర నిలబడదు. యెరూషలేమును కూల్చిన తర్వాత 71లో వెస్పాసియన్, టైటస్ రోములో జరిపిన జయోత్సవాన్ని యూదు చరిత్రకారుడు జోసీఫస్ వివరంగా వర్ణించాడు. బందీల గుంపులో అలంకారం లేనివాడు ఒక్కడూ లేడనీ, వాళ్ల రంగురంగుల అందమైన దుస్తులు శరీరాల మీది గాయాల వికారాన్ని కంటికి కనపడకుండా కప్పేశాయనీ అంటాడు. కొల్లగొట్టిన సొమ్ము బళ్ల మీద, భుజాల మీద వేరుగా నడిచింది. అంటే రోమన్ జయోత్సవంలో బందీకి బట్టలు ఊడదీయడం లక్షణం కాదు, తొడగడమే లక్షణం. ఊరేగింపు చివర యూదు తిరుగుబాటు నాయకుడు సిమోన్ బర్ గియోరాను చంపబోయే ముందు కూడా చేయించింది ప్రదర్శనే. కాబట్టి జయోత్సవం ఉంది కనక ఒలవడం ఉండాలన్న లంకె తెగిపోయింది. ఇక ఉపమానాలు కలిసిపోయాయి కదా అంటారా, ఈ పత్రికాకర్త ఉపమానాలను ఒద్దికగా వాడే రకం కాదు. పై వచనంలోనే అప్పుపత్రాన్ని తుడిచేస్తాడు, దారిలోంచి ఎత్తేస్తాడు, మేకు కొడతాడు. ఒక కాగితానికి మూడు గతులు.

ఊరేగింపుకు ముందున్న ఇంకో క్రియ దీనికన్నా ముఖ్యం. తెలుగులో ‘వేడుకకు కనపరచడం’గా వచ్చినది, నలుగురిలో పెట్టి పరువు తీయడం అనే అర్థమున్న క్రియ. మత్తయి సువార్త మొదటి అధ్యాయంలో, మరియ గర్భవతి అని తెలిసినా ఆమెను రచ్చకెక్కించడానికి యోసేపు ఇష్టపడలేదని చెప్పే చోట ఇదే మాట ఉంది. అధికారాలకు జరిగింది రచ్చకెక్కడం. వాటి ఆయుధాలు పోలేదు, వాటి మర్యాద పోయింది. ఒక నిర్దోషిని చట్టం పేరుతో, దేవుడి పేరుతో, ప్రజల పేరుతో చంపినప్పుడు వాటి అసలు సంగతి బయటపడింది. వాటి కింద ఉన్నవాడు వాటి పట్టులోంచి జారి బయటికి వచ్చినప్పుడే ఇలా బయటపడడం సాధ్యం.

కర్త ఎవరన్న ఆక్షేపణ మాత్రం నిజంగా గట్టిది. 12, 13 వచనాల్లో బ్రతికించినవాడు, క్షమించినవాడు దేవుడు. 14లో పత్రాన్ని చెరిపినవాడూ ఆయనే అనిపిస్తుంది. మధ్యలో కర్త మారినట్టు ఎక్కడా చెప్పలేదు. దేవుడే కర్త అయితే ఆయన తన ఒంటి మీంచి దేన్ని విడిచాడు? అందుకే ఆధునిక వ్యాఖ్యాతల్లో ఎక్కువమంది దేవుడు శక్తులను ఒలిచాడు అనే చదువు వైపు మొగ్గారు. 19వ శతాబ్దంలో కొందరు దీనికి తెలివైన దారి వెతికారు: ధర్మశాస్త్రం దేవదూతల ద్వారా వచ్చిందన్న నమ్మకం ఉంది కనక, అప్పటిదాకా దేవుడు ఆ దూతల మరుగున ఉండి, సిలువ దగ్గర ఆ ముసుగు తొలగించాడని. ఇది అందంగా ఉంది, కానీ దొడ్డిదారి. నాకు తోచేది ఇంకా సాదా. ఈ భాగమంతా ‘ఆయనయందు’, ‘ఆయనతో కూడ’ అంటూ దేవుడి పనినీ క్రీస్తు పనినీ ఎడతెరిపి లేకుండా అల్లుతుంది. 11వ వచనంలో ‘క్రీస్తు సున్నతి’ అంటూ అదే విడవడాన్ని క్రీస్తుకు చుట్టింది. సిలువకు మేకు కొట్టేసరికి కథ సిలువ మీదివాడి దగ్గరికి వచ్చేసింది. గ్రీకులో పుట్టి పెరిగిన క్రిసోస్టమ్ లాంటివాళ్లకు ఈ జారుడు ఎబ్బెట్టు అనిపించలేదు. కర్త మారడం కొంచెం కష్టం. ఒకే మాటకు పదిహేడు వచనాల్లో రెండు వ్యతిరేకార్థాలు కట్టడం ఇంకా కష్టం. రెండు కష్టాల్లో చిన్నది ఎంచుకోవడమే మిగిలింది.

శరీరాన్ని విడిచాడు అన్న రెండో దారి తెలుగు పాఠకుడికి తేలిగ్గా నచ్చుతుంది. చినిగిన బట్టలు వదిలి కొత్తవి కట్టుకున్నట్టు దేహి దేహాలు మారుస్తాడన్న గీత ఉపమానం మన చెవుల్లో ఉంది. ఆ ఉపమానంలో కట్టినవాడికి బట్టతో సంబంధం పైపైదే. బట్ట పోయినా కట్టినవాడికి ఏమీ కాదు. కొలొస్సయుల పత్రికను అలా చదవడం కుదరదు. దైవత్వపు సంపూర్ణత క్రీస్తులో శరీరంగా నివసిస్తోందని 2:9 చెబుతుంది. శరీరం అక్కడ పారేయాల్సిన సరుకు కాదు. పౌలు 2 కొరింథీయులకు 5:4లో బట్ట లేకుండా మిగలడం మాకు ఇష్టం లేదు, దీని మీద ఇంకోటి కట్టుకోవాలనే మా కోరిక అంటాడు. మరోవైపు, 1945లో ఈజిప్టులో నాగ్ హమ్మాది దగ్గర దొరికిన గ్రంథాల్లో ఒకటైన ‘సత్య సువార్త’ యేసు నశించే గుడ్డపీలికలు విడిచి నాశనం లేనిదాన్ని తొడుక్కున్నాడని వర్ణిస్తుంది. శరీరం విడవడం అన్న చదువు ఎటు దారి తీస్తుందో అది చూపిస్తుంది. ఒప్పుకోవలసిందీ ఉంది: 2:11లో విడిచేది ‘మాంసపు శరీరం’ అనే ఉంది, 1:22లో అదే పదబంధం క్రీస్తు చనిపోయిన శరీరానికి వాడారు. కాబట్టి లాటిన్ పితరులది గాలి ఊహ కాదు. కానీ 2:15లో ఏమి విడిచాడో చెప్పకుండా ఉంటే కదా మనం పూరించుకోవడం. ప్రధానులనూ అధికారులనూ అని చెప్పే ఉంది. శరీరం ఆ పట్టు బిగిసిన చోటు, పట్టు వేరు.

మరి పాపం లేనివాడని క్రైస్తవులు నమ్మే వ్యక్తి ఒంటి మీదికి ఈ శక్తులు ఎలా వచ్చాయి? పైగా 1:16 ప్రకారం అవి ఆయన ద్వారానే సృష్టి అయ్యాయి, 2:10 ప్రకారం ఆయన వాటికి శిరస్సు. జవాబు పత్రికలోనే ఉంది, పౌలు ఇతర లేఖల్లోనూ ఉంది. స్త్రీకి పుట్టి ధర్మశాస్త్రానికి లోబడి పుట్టాడని గలతీయులకు 4వ అధ్యాయం. పాపశరీరపు పోలికలో వచ్చాడని రోమీయులకు 8వ అధ్యాయం. మనిషిగా పుట్టడమంటే ఒక లోకపు ఏర్పాటును ఒంటికి చుట్టుకుని పుట్టడం. ఆ ఏర్పాటు ఏమిటో 2వ అధ్యాయమే విప్పి చెబుతుంది: తినేదాని గురించి, తాగేదాని గురించి, పండుగ, అమావాస్య, విశ్రాంతిదినం గురించి తీర్పులు, పట్టుకోవద్దు, రుచి చూడవద్దు, ముట్టవద్దు అనే విధులు. వీటి వెనక ‘లోకపు మూలపాఠాలు’ ఉన్నాయని పత్రికాకర్త అంటాడు. అంటు, ముట్టు, మైల, మడి అనే మాటలతో పెరిగిన నేలలో ఈ జాబితాకు వ్యాఖ్యానం అక్కర్లేదు. ప్రధానులూ అధికారులూ అంటే ఆకాశంలో తిరిగే దయ్యాలు మాత్రమే అనుకుంటే ఈ భాగం అర్థం కాదు. మనిషిని ఏది తినాలో, ఎవరిని తాకాలో, ఎక్కడ నిలబడాలో ఒంటికి అంటుకుని శాసించే అధికారాలు అవి. క్రీస్తు వాటి కింద పుట్టాడు, వాటి పేరుతోనే చచ్చాడు, చచ్చి వాటికి అందకుండా పోయాడు. 2:20లో విశ్వాసులతో అంటున్నదీ అదే: మీరు వాటి విషయంలో చనిపోయారు కదా, ఇంకా వాటికి ఎందుకు లోబడుతున్నారు?

ఈ చదువుకు ఇంకో లాభం ఉంది. శక్తులు నిరాయుధమైపోయి ఉంటే ఎఫెసీయులకు 6వ అధ్యాయంలో అవే ప్రధానుల మీద, అవే అధికారుల మీద పోరాడడానికి డాలు, ఖడ్గం, శిరస్త్రాణం తొడుక్కోమని ఎందుకు చెప్పారు? ఆ ‘తొడుక్కోమనడం’ కూడా దుఓ కుటుంబపు మాటే, ఎన్‌దుఓ. 1 కొరింథీయులకు 15వ అధ్యాయం ప్రకారం ప్రతి ఆధిపత్యాన్నీ అధికారాన్నీ కొట్టివేయడం ఇంకా జరగాల్సిన పని. మన ప్రార్థన మహాసభల్లో ‘సాతాను ఆయుధాలు పోయాయి’ అని మైకులో వినిపించే గెలుపుకూ, మర్నాడు ఉదయం లోకం ఉన్న తీరుకూ పొంతన కుదరకపోవడానికి ఈ అనువాదం కూడా కొంత కారణం. ఆయుధాలు ఉన్నాయి. పట్టు మాత్రం పోయింది, అదీ విడిచినవాళ్ల మీద.

అసలు పరీక్ష 3:9 దగ్గర వస్తుంది. క్రీస్తు శక్తులను విడిచినట్టే మీరు పాత మనిషిని విడిచారు, కొత్తవాణ్ని తొడుక్కున్నారు; అక్కడ గ్రీకువాడు, యూదుడు, సున్నతి ఉన్నవాడు, లేనివాడు, అనాగరికుడు, సిథియనుడు, దాసుడు, స్వతంత్రుడు అనేది లేదు. పాత మనిషి అంటే వ్యక్తి గుణదోషాలే కాదని ఈ వరసే చెబుతుంది. పుట్టుకతో ఒంటికి తొడిగిన హోదాలూ విడిచినదాంట్లో భాగమే. అంత చెప్పి, పది పన్నెండు వచనాలు గడవకముందే ‘దాసులారా, యజమానులకు విధేయులు కండి’ అంటుంది పత్రిక. ఇంత విడిచాక దాస్యం ఎందుకు మిగిలింది? యజమానులకు కూడా పరలోకంలో యజమాని ఉన్నాడని హెచ్చరించింది నిజమే, దాసుడిగా ఉండిన ఒనేసిమును నమ్మకమైన ప్రియ సహోదరుడని 4:9లో పిలిచిందీ నిజమే. ఇవి చాలవు. తన క్రియ వెళ్లమన్నంత దూరం పత్రికే వెళ్లలేదని ఒప్పుకోవడం నయం. అయితే ఆ లోటు చెప్పడానికి కొలబద్ద ఇచ్చిందీ ఆ క్రియే. ‘నిరాయుధులను చేశాడు’ అని చదివినవాడికి దాసులతో చెప్పిన ఆ 3:22 దగ్గర ఇబ్బంది కలగదు. ఎక్కడో పైన యుద్ధం అయిపోయింది, ఇక్కడ ఇల్లు ఉన్నట్టే ఉంటుంది. ‘విడిచాడు, మీరూ విడిచారు’ అని చదివినవాడికే అక్కడ ముల్లు గుచ్చుకుంటుంది.

తెలుగు నేలకు ఈ ముల్లు తెలియనిది కాదు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మ నదిలో ఒక్క రోజులో 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు, వాళ్లలో అత్యధికులు మాదిగలు. అమెరికన్ బాప్టిస్ట్ మిషనరీ జాన్ క్లౌ తన సంఘంలోకి వచ్చేవాళ్లకు పెట్టిన నియమాల్లో చచ్చిన గొడ్డు మాంసం తినకపోవడం, ఆదివారం పని చేయకపోవడం, విగ్రహాలకు మొక్కకపోవడం ఉన్నాయి. రుచి చూడవద్దనే విధులనుంచి విడిపించిన పత్రికను బోధిస్తూ కొత్తగా ‘తినవద్దు’ అనడంలో వింత ఉంది. కానీ ఆ మాంసం ఆ జనానికి ఊరు అంటగట్టిన వాటా, ఆ పని ఊరు అంటగట్టిన వెట్టి. వాటిని మానుకోవడం ఊరి అధికారాన్ని ఒంటి మీంచి తీయడమే. అందుకే గ్రామాల్లో పెద్దలు కక్షకట్టారు. ఎవరి ఆయుధాలూ పోలేదు. పట్టు జారింది. అదే సంఘాల్లో ఆ తర్వాత పెళ్లిసంబంధాల దగ్గర, కొన్నిచోట్ల సమాధుల దోవ దగ్గర కూడా, నీళ్లలో విడిచిన కులాన్ని ఒడ్డున మళ్లీ కట్టుకున్నారు. విడుపుబట్ట మళ్లీ కట్టుకుంటే మైల అని మన పెద్దలు నమ్మారు. ఈ విషయంలో మాత్రం ఎవరికీ మైల పట్టింపు కలగలేదు.

కొత్తగా తెలుగులో బైబిలు అనువదిస్తున్నవాళ్లకు, పాతదాన్ని సవరిస్తున్నవాళ్లకు నా విన్నపం ఒకటే. కొలొస్సయుల పత్రిక 2:11, 2:15, 3:9లలో ఒకే క్రియను వాడండి. ‘విడిచి’ అనండి, ‘తీసి పారవేసి’ అనండి, ఏదైనా సరే, మూడు చోట్లా ఒకటే ఉండాలి. ‘నిరాయుధులను చేసి’ అనే చదువు మీకు ఇంకా సరైనదిగా తోస్తే దాన్ని అడుగున చిన్న అక్షరాల్లో ఉంచండి. సిలువ దగ్గర క్రీస్తు చేసిన పనికీ, బాప్తిస్మంలో తాను చేశానని చెప్పుకున్న పనికీ ఒకే మాట అని తెలుసుకునే హక్కు తెలుగులో చదివే మనిషికి ఉంది.